కొంటామన్న ఇళ్ళు

గాజువాక,
జనవరి 18.

లీలక్కకు,

నీ ఉత్తరం అందింది. నాన్న చదివాడు, ఐజాక్ అన్నయ్య చదివాడు, అక్సా వదిన రెండుసార్లు చదివింది. చివరికి నా చేతికొచ్చేసరికి దానికి పసుపు మరక అంటుకుంది. సిస్టర్ అవడానికి నొవిషియేట్‌లో శిక్షణకి చేరినవాళ్ళు ఫోను ముట్టకూడదని, నెలకో ఉత్తరమే రాయాలని, వచ్చేవీ పోయేవీ పెద్ద సిస్టర్ గారు చదవాలని ఈ రూలు ఎవరు పెట్టారో గాని, వాళ్ళకి చెల్లెళ్ళు లేనట్టుంది. సిస్టర్ గారూ, మీరిది చదువుతుంటే నమస్కారం. మా అక్కకు కాస్త పెరుగు ఎక్కువ వేయించండి, మజ్జిగన్నం సరిపోదు దానికి.

ఇక నా సంగతి. ఎంబీఏ రెండో సెమిస్టరు మొదలైంది. ఈసారి మార్కెటింగ్ రీసెర్చ్ అని ఒక పేపరు. శివరామకృష్ణ సార్ చెబుతారు. వాళ్ళ నాన్నగారు పోర్టులో ఉద్యోగానికని అమలాపురం నుంచి వచ్చేశారట, సార్ ఇక్కడే పుట్టినా మాట మాత్రం ఇంకా గోదావరి దాటి రాలేదు. మొదటి క్లాసులోనే, “అడగడం ఎవరైనా అడుగుతారండీ. అవతలివాళ్ళు కాదనగలిగేలా అడగాలండీ, అదీ పని” అన్నారు. అందరం బుద్ధిగా రాసుకున్నాం. ద్వారకా నగర్‌లో మా కాలేజీ కింద బట్టల షాపువాళ్ళ మైకు గోలలో సగం మాటలు వినబడవు గాని, ఇది వినబడింది.

సెమిస్టరంతటికీ ఒకటే పెద్ద అసైన్‌మెంట్, అదీ మూడు వారాల్లో ఇచ్చేయాలట. కొత్త సరుకు ఒకటి అనుకోవాలి, ప్రశ్నలు తయారుచేయాలి, జనాన్ని అడగాలి, అది అమ్ముడుపోతుందో లేదో రిపోర్టు రాయాలి. అందరూ ఫోను కవర్లు, తల నూనెలు అంటున్నారు. నేను అన్నయ్య చేపల మసాలా తీసుకున్నాను. గుడి పండగలకి అన్నయ్య పులుసు పెడితే జనం గిన్నె గీకి తింటారు కదా. చేప శుభ్రం చేసి, ముక్కలు కోసి, ఆ మసాలా పట్టించి ప్యాకెట్టులో అమ్మితే కొంటారా అన్నది నా ప్రశ్న.

అన్నయ్యకి చెబితే నవ్వాడు. “నానేటి, సేపల కొట్టేటి? రాసుకో, నీకు మార్కులొత్తే సాలు” అన్నాడు. కాని ఆ సాయంత్రం స్టీలు ప్లాంటు నుంచి వచ్చి స్నానం కూడా చేయకుండా మసాలాలో ఏమేం పడతాయో నాకు చెప్పి రాయించాడు.

నీ స్టెఫీ.


నొవిషియేట్, ఏలూరు,
ఫిబ్రవరి 1.

స్టెఫీ,

పెద్ద సిస్టర్ గారు పెరుగు సంగతి చదివారు, ఆ మధ్యాహ్నమే నా కంచంలో రెండో గరిటె పడింది. ఇలాంటివి ఇంకెప్పుడూ రాయకు, తోటివాళ్ళ ముందు సిగ్గేసింది.

మేం తెల్లవారుజామున లేస్తాం, ప్రార్థన, పూజ, తోటపని, చదువు. నేను బాగానే ఉన్నాను. అన్నయ్య పులుసు గురించి చదివి ఆ రాత్రి సాంబారు దిగలేదన్నది నిజం.

నీ అసైన్‌మెంటు బాగుంది. ఇంతకీ ఎవరిని అడుగుతున్నావు? ఎలా అడుగుతున్నావు? ఆ సంగతి రాయలేదు నువ్వు.

అన్నయ్య కాంట్రాక్టు పని సరిగ్గా సాగుతోందా? గేటు పాసు ఏడాదికోసారి మార్చి ఆఖరులో కొత్తది రాయించుకోవాలి కదా, మొన్నటేడు మర్చిపోయి ఎంత తిరిగాడో గుర్తుచెయ్యి. ఆ పాసు పోతే లోపలికి మళ్ళీ అడుగు పెట్టనివ్వరు.

అక్క.


గాజువాక,
ఫిబ్రవరి 10.

లీలక్కకు,

కూర్చో. కూర్చునే చదువు.

సర్వే అయిపోయింది, రిపోర్టు ఇచ్చేశాను, క్లాసు మొత్తంలో నాదే మొదటిది. సార్ లేచి నిలబడి చూపించారు. మా క్లాసు హరిచందన క్యాంటీన్లో సమోసా తింటూ ఫారాలన్నీ తనే నింపేసింది, ఒకటి కుడిచేత్తో, ఒకటి ఎడంచేత్తో. సార్ పట్టేసి సగం మార్కులు కోశారు. నేను మాత్రం ఒక్కటంటే ఒక్కటి సొంతంగా రాయలేదక్కా. మన గుడి విచారణలోని కుటుంబాల జాబితా ఫాదర్ గారి దగ్గర తీసుకుని, ప్రతి అయిదో ఇంటికీ టిక్కు పెట్టుకుని, ఆ ఇళ్ళకే వెళ్ళాను. తెలిసినవాళ్ళని ఏరుకోలేదు. సార్ అడిగింది అదే.

ఎలా అడిగావన్నావు కదా. నేనొక్కదాన్నే వెళితే తలుపు ఎవరు తీస్తారు? నాన్న సాయంత్రాలు ఇళ్ళ ప్రార్థనలకి వెళతాడు కదా, ఆ వెంటే వెళ్ళాను. ప్రార్థన అయిపోయి అందరూ శిలువ గుర్తు వేసుకున్నాక నాన్న, “మా స్టెఫీ కాలేజీలో ఏదో రాయాలంట, నాలుగు ముక్కలు అడుగుద్ది, సెప్పండమ్మా” అనేవాడు. ఎంత చక్కగా చెప్పారనుకున్నావు. అర్జునరావు మావయ్య అయితే నేను ప్రశ్న పూర్తి చేయకముందే, “కొనకేటమ్మా, మన ఐజాక్ కొట్టు కాదేటి, వారం వారం కొంతాం” అన్నాడు. రాధ టీచరు టీ పెట్టి మరీ జవాబులు చెప్పింది. నూటికి తొంభై మంది పైనే ‘తప్పకుండా కొంటాం’ అన్నారు. రిపోర్టులో ఆ గుండ్రటి పై-చార్టు చూడాలి నువ్వు, అంతా ఒకటే రంగు.

అది ఇంటికి తెచ్చి వంటింట్లో వదినకీ అన్నయ్యకీ చూపించాను. అన్నయ్య చాలాసేపు చూశాడు. వదిన, “ఎన్నాళ్ళీ కాంట్రాక్టరు కాళ్ళ కాడ, ఆలోసించకూడదేటి” అంది. మర్నాడు అన్నయ్య గుడి వీధిలో చలమయ్య గారి ఖాళీ గది చూసి వచ్చాడు. మార్చిలో పాసు రాయించుకోకుండా కొట్టు పెడదామనుకుంటున్నాడు. నీకేమనిపిస్తోంది? త్వరగా రాయి. అన్నయ్య కూడా నీ మాట కోసం చూస్తున్నాడు.

నీ స్టెఫీ.


నొవిషియేట్, ఏలూరు,
ఏప్రిల్ 6.

స్టెఫీ,

నిన్న ఈస్టరు, పాస్కు పండుగ అయింది. ఇవాళే మళ్ళీ కలం ముట్టనిచ్చారు.

నీ ఉత్తరం విభూది బుధవారానికి ముందు నా చేతికొచ్చింది. ఆ నెల ఉత్తరం అప్పటికే రాసేశాను, ఇక ఆ బుధవారం నుంచి పాస్కు దాకా తపస్సు కాలం, ఉత్తరాలు ఉండవు. అయినా వెళ్ళి పెద్ద సిస్టర్ గారిని అడిగాను. “ఇంట్లో చావా, జబ్బా?” అన్నారు. కాదన్నాను. “అయితే పాస్కు తర్వాత రాయమ్మా” అన్నారు. అంతకు మించి అడగడం నాకు చేతకాలేదు. తపస్సు కాలమంతా ఇదే గుండెల మీద పెట్టుకుని తిరిగాను.

ఇప్పుడు సూటిగా చెబుతాను. ఆ జవాబులు నమ్మకు. నాన్న గుడి ఉపదేశి, స్టెఫీ. ఆ ఇళ్ళల్లో ఎవరు పోయినా ఫాదర్ గారి కంటే ముందు వెళ్ళి శవం దగ్గర కూర్చునేది నాన్న. వాళ్ళ పిల్లల జ్ఞానస్నానాలకి, జ్వరాలకి, తగువులకి నాన్నే. అలాంటి మనిషి వాళ్ళింట్లో మోకరించి లేచి, మా అమ్మాయికి నాలుగు ముక్కలు చెప్పండని అంటే, ‘మీవాడి చేపలు మాకొద్దు’ అని ఎవరంటారు? నేను గుడి లక్కీ డ్రా టిక్కెట్లు అమ్మినప్పుడు మంచం మీదున్న ముసలామె కూడా దిండు కింద నుంచి తీసి ఇచ్చింది. ఆవిడకి డ్రా అంటే ఏమిటో తెలియదు.

నువ్వు ఇళ్ళు సరిగ్గానే ఏరావు. కాదనడానికి వాళ్ళకి దారి ఇవ్వలేదు.

అన్నయ్యను పాసు వదలొద్దని చెప్పు. ఇప్పటికే వదిలేస్తే, వెంటనే వెళ్ళి కాంట్రాక్టరును పట్టుకోమను.

అక్క.


గాజువాక,
ఏప్రిల్ 15.

అక్కకు,

పాసు మార్చి ఆఖరులో ఇచ్చేశాడు. ఆ చోట్లోకి తగరపువలస కుర్రాడెవడో అప్పుడే చేరిపోయాడు.

నీ ఉత్తరం అన్నయ్యకి చూపించలేదు. చూపించి ఏం చేయను? అడ్వాన్సు ఇచ్చాడు, ఫ్రీజరు దింపాడు, గోడలకి తెల్ల టైల్సు వేయిస్తున్నాడు. రోజూ వదినా తనూ ఆ టైల్సు మధ్య సిమెంటు గీకుతూ కబుర్లాడుకుంటున్నారు. వేట నిషేధం అయిపోయి బోట్లు బయల్దేరగానే జూన్‌లో తెరుస్తాడు.

నీకు ఫిబ్రవరిలో తెలుసు. తెలిసీ ప్రార్థన చేసుకుంటూ కూర్చున్నావు. చావా జబ్బా అని ఆవిడ అడిగితే జబ్బని చెప్పలేకపోయావా? ఒక్క అబద్ధం. నా రిపోర్టు అంత తప్పైతే సార్ మొదటి మార్కు ఎందుకిస్తారు? ఆయన పీహెచ్‌డీ చేశారు, నువ్వు తోటలో వంకాయలు కోస్తున్నావు.

మనవాళ్ళు మాట మీద నిలబడతారు. చూస్తూ ఉండు.

స్టెఫీ.


నొవిషియేట్, ఏలూరు,
మే 3.

స్టెఫీ,

అబద్ధం చెప్పి ఉండాల్సింది. నువ్వు రాసింది చదివాక చాలాసార్లు అనుకున్నాను. పెద్ద సిస్టర్ గారు ఈ మాట చదువుతారని తెలిసే రాస్తున్నాను.

నేను అన్నదంతా తప్పు కావాలని రోజూ కోరుకుంటున్నాను. కొట్టు తెరిచిన రోజు ఎలా జరిగిందో తప్పకుండా రాయి.

అక్క.


గాజువాక,
జూన్ 28.

లీలక్కకు,

ఏప్రిల్‌లో ఏదో వాగాను, మనసులో పెట్టుకోకు. ఇప్పుడు చెప్పేది విను.

ఆదివారం పూజ అయ్యాక ఫాదర్ గారు వచ్చి తీర్థం చల్లి రిబ్బను కోశారు. గుడి గుడంతా కొట్టు ముందే ఉంది. అన్నయ్య చీకటితోనే హార్బరుకెళ్ళి వేలంలో వంజరాలు, చందువాలు తెచ్చాడు. ఇంటికొక ప్యాకెట్టు పట్టుకెళ్ళారక్కా. అర్జునరావు మావయ్య రెండు తీసుకున్నాడు. మధ్యాహ్నానికి ఫ్రీజరు ఖాళీ. వదిన ఏడ్చింది, సంతోషంతోనే. నేను ఫోటో తీసి శివరామకృష్ణ సార్‌కి పంపితే, “శభాష్ అండీ, సర్వే అంటే ఇదీ” అని పెట్టారు.

నువ్వు మనవాళ్ళని తక్కువ అంచనా వేశావు. ఒప్పుకో.

నీ స్టెఫీ.


నొవిషియేట్, ఏలూరు,
జులై 5.

స్టెఫీ,

ఒప్పుకున్నాను. ఇంత సంతోషంగా ఎప్పుడూ ఓడిపోలేదు. అన్నయ్యకు, వదినకు నా ప్రేమ చెప్పు.

రెండో ఆదివారం ఎలా ఉంది?

అక్క.


నొవిషియేట్, ఏలూరు,
ఆగస్టు 2.

స్టెఫీ,

జులైలో నీ ఉత్తరం రాలేదు. పరీక్షలనుకున్నాను. రెండో ఆదివారం గురించి అడిగాను.

అక్క.


గాజువాక,
ఆగస్టు 30.

అక్కకు,

రెండో ఆదివారం నలుగురొచ్చారు. మూడోసారి ఎవరూ రాలేదు. ఇప్పుడు ఎవరన్నా దారిన పోయేవాళ్ళు అడ్రసు అడగడానికి ఆగితే అన్నయ్య లేచి నిలబడుతున్నాడు.

బాగాలేక కాదక్కా. ప్రతి ఇంటికీ వాళ్ళ చేపలామె ఉంది. మనింటికొచ్చే నూకాలు పిన్ని లేదూ, ఆవిడే గుడి వీధిలో సగం ఇళ్ళకి వేస్తుంది. గుమ్మంలో బుట్ట దించి, మొప్ప ఎత్తి చూపించి, బేరమాడి, కోసి, పిల్లి కోసం తలకాయ పక్కన పడేసి వెళుతుంది. పిల్లల పెళ్ళిళ్ళకి పిలుచుకుంటారు వాళ్ళూ వాళ్ళూ. ఆవిణ్ణి మానేసి మంచు గడ్డలోంచి ప్యాకెట్టు ఎవరు కొంటారు? నా ఫారంలో అన్ని ప్రశ్నలు పెట్టాను, ‘ఇప్పుడు ఎవరి దగ్గర కొంటున్నారు’ అన్నది మాత్రం పెట్టలేదు. మనింట్లోనూ ఆవిడ దగ్గరే కొంటున్నాం, అయినా నాకు తట్టలేదు.

మొన్న నూకాలు పిన్ని మన పెరటి గుమ్మంలో కనబడింది. వీధిలోంచి రాకుండా ఇటెందుకొచ్చావని అడిగితే ఇబ్బంది పడిపోయింది. “మీ అన్న కొట్టు ముందునుంచి రావద్దన్నారమ్మా అందరూ. ఆ బాబు సూత్తే నొచ్చుకుంటాడంట. ఎనక సందులోంచి రమ్మన్నారు. నీకేటి సెప్పను” అంది. రాధ టీచరు చేపల సంచీ మీద కొత్తిమీర కట్టలు పరుచుకుని వెళుతోంది. అర్జునరావు మావయ్య కొట్టు ముందు పడకుండా గుడికి చుట్టు దారిన వస్తున్నాడు. ఎదురుపడితే, “కొట్టు బాగుందమ్మా, ఈ ఆదివారం తప్పకుండా వత్తాం” అంటారు. నాకు వాళ్ళ మీద కోపం కూడా రావడం లేదు, అదే చెడ్డగా ఉంది.

వదిన నాన్నని బతిమాలింది, ప్రార్థనలప్పుడు ఒక్క మాట అనమని. నాన్న, “ప్రార్తన సేసిన నోటితో సేపలు కొనమని ఎలాగడగనమ్మా. నాను అడిగితే కొంతారు. అందుకే అడగనేను” అన్నాడు. ఆ రోజునుంచి వదిన నాన్నకి అన్నం పెడుతోంది గాని మాట్లాడటం లేదు.

నువ్వు చెప్పిందే జరిగింది. నీకు సంతోషం కాదని తెలుసు.

స్టెఫీ.


నొవిషియేట్, ఏలూరు,
సెప్టెంబరు 6.

స్టెఫీ,

నాకు ఏమీ రాయబుద్ధి కావడం లేదు. రాయకపోతే నెల ఆగాలి గనక రాస్తున్నాను.

అన్నయ్య కాంట్రాక్టరును కలిశాడా? పాత సూపర్‌వైజరు మంచివాడు, అతని ద్వారా పాసు కోసం అడగమను. అభిమానం పడొద్దని చెప్పు. కొట్టు మూసేయడం తప్పేమీ కాదు.

ఇంకొకటి. అన్నయ్య నీతో ఏమంటున్నాడు? నీ ఉత్తరాల్లో వదిన మాట్లాడుతుంది, నాన్న మాట్లాడతాడు, నూకాలు పిన్ని కూడా మాట్లాడుతుంది. అన్నయ్య లేచి నిలబడటం తప్ప ఏమీ అనడు. వాడు నీ మీద కోపంగా ఉన్నాడా?

అక్క.


గాజువాక,
నవంబరు 8.

లీలక్కకు,

అక్టోబరులో రాయలేకపోయాను. అన్నీ ఒకేసారి రాస్తున్నాను, ఓపికగా చదువు.

కాంట్రాక్టరు దగ్గరికి అన్నయ్య మూడు నాలుగుసార్లు వెళ్ళాడు. జాబితా నిండిపోయింది, ఖాళీ వస్తే పిలుస్తామన్నారు. పాత సూపర్‌వైజరు టీ తాగించి పంపాడు. ఫ్రీజరు అమ్మేశాం. చలమయ్య గారి గదిలో ఇప్పుడు జెరాక్సు షాపు వస్తోంది, తెల్ల టైల్సు బాగున్నాయని వాళ్ళకి నచ్చిందట.

కొట్టు మూసిన సంగతి తెలిసి శివరామకృష్ణ సార్ నన్ను స్టాఫ్ రూముకి పిలిచారు. ఆయన మొహం చూస్తే జాలేసింది. “నేను పట్టుకోవాల్సిందండీ. తొంభై శాతం ఎవరంటారండీ ఎక్కడైనా? చూసి మురిసిపోయాను” అన్నారు. తర్వాత నెమ్మదిగా, ఈ సెమిస్టరు ప్రాజెక్టుకి ఇదే తీసుకోమన్నారు, కొట్టు ఎందుకు నడవలేదో అడిగి రాయమని. ఈసారి నాన్న లేకుండా ఒక్కదాన్నే వెళ్ళాను. పేరు రాయక్కర్లేదు, నిజం చెప్పండి, నేనేమీ అనుకోను అని ప్రతి గుమ్మంలో చెప్పాను. అన్ని ఇళ్ళలోనూ ఒకటే. “కొట్టుకేటమ్మా, బంగారంలా ఉండేది. కొందామనుకుంటన్నాం, ఈలోగా మూసేశారు.” రాధ టీచరు మళ్ళీ టీ పెట్టింది. తాగి వచ్చేశాను.

కొట్టు నడిపినవాళ్ళని కూడా అడగాలి కదా. అన్నయ్యని వదిలేద్దామనుకున్నాను. తనే, “నన్నడగవేటి? నీ పరీచ్చ పాడయిపోద్ది” అని పిలిచి, ఖాళీ అయిన కొట్టు గదిలో నేలమీద కూర్చోబెట్టుకున్నాడు. ఒక్కొక్కటే అడిగాను. కొట్టు పెట్టేముందు జనం కొంటారని మీకు ఎంత నమ్మకం ఉంది, చాలా, కొంత, తక్కువ, అసలు లేదు. అన్నయ్య, “నిజం సెప్పాలా, మార్కులొచ్చేది సెప్పాలా?” అన్నాడు. నిజమే అన్నాను.

“అసల్లేదు” అన్నాడు.

నేను రాయకుండా చూస్తున్నాను. అప్పుడు చెప్పాడు. “మనోళ్ళ సంగతి నాకు తెలీదేటమ్మా. సిన్నప్పట్నుంచీ సూత్తన్నాను, నూకాలు పిన్నిని ఎవులొదులుకుంటారు? ఆ రోజు నువ్వు వంటింట్లోకి ఆ రంగు కాగితం అట్టుకొచ్చి, మా అన్న కొట్టు ఎడితే జనం లైను కడతారని మీ ఒదినకి సెప్పావు. నీ మొకం అలాగ ఎప్పుడూ సూళ్ళేదు నాను. మీ ఒదిన కూడా నవ్వుతాంది. లీల ఏదన్నా రాత్తాదేమో, ఒద్దంటాదేమో అని సూసేను. అదీ రాయలేదు. నాను ఒక్కణ్ణే ఒద్దని ఎలాగంటాను?”

అక్కా, ఇది నీకు రాయాలా వద్దా అని వారం రోజులు ఆగాను. నాకు ఒక్కదానికీ మొయ్యడం చేతకాలేదు, అందుకే రాసేశాను. నన్ను తిట్టు, ఏమైనా అను. ఇద్దరం కలిసి వాణ్ణి ఈ గతికి తెచ్చాం.

ప్రాజెక్టులో ఆ జవాబు రాయలేదు. ‘కొంత నమ్మకం ఉంది’ దగ్గర టిక్కు పెట్టి ఇచ్చాను. మళ్ళీ మంచి మార్కులే వచ్చాయి.

నిన్న అన్నయ్య ఒడిశాలో పారాదీప్ వెళ్ళిపోయాడు. అక్కడ ఏదో కొత్త ప్లాంటులో వెల్డర్లకి హెల్పరు పని, ఎన్నాళ్ళో తెలియదు, వదినను తీసుకెళ్ళడానికి గది కూడా ఉండదట. వదిన స్టేషనుకి రానంది. నాన్న వచ్చాడు గాని రైలు కదలకముందే ప్లాట్‌ఫారం చివరికెళ్ళి నిలబడ్డాడు. నేను కిటికీ చువ్వ పట్టుకుని అడిగాను, ఇక్కడ పాసు దొరికితే వెంటనే వచ్చేస్తావా అన్నయ్యా, ఎక్కడున్నా వచ్చేస్తావా అని.

నా మొహంలోకి చూసి, “వచ్చేత్తానమ్మా. రాకేటి” అన్నాడు.

స్టెఫీ.